వేళ్లతో విన్న గుండె

పసిపిల్లల గుండె వైద్యానికి తొలి గురువులలో ఒకరు చెవులు సరిగా వినపడని మనిషి. 1930లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో పిల్లల గుండె క్లినిక్ బాధ్యత తీసుకున్న హెలెన్ టాసిగ్‌కు ఆ రోజుల్లోనే వినికిడి తగ్గిపోయింది. అందుకని ఆవిడ బిడ్డ ఛాతీ మీద చెయ్యి ఆన్చి, లోపలి అదురును వేళ్ల కొసలతో పట్టుకునేవారు. గుండెను తెర మీద చూపే ఎకో మెషీన్లు వచ్చి దశాబ్దాలు గడిచాయి. అయినా ఈ చదువులో యంత్రం కంటే ముందు వచ్చేది ఇప్పటికీ చెయ్యే.

మన దేశంలో ఈ చదువుకి దారి పొడుగే. ఎంబీబీఎస్, మూడేళ్ల పిల్లల ఎండీ, ఆపైన మూడేళ్ల డీఎమ్మో డీఆర్‌ఎన్‌బీయో, లేదంటే రెండేళ్ల ఫెలోషిప్. చేతికి పట్టా వచ్చేసరికి మనిషి ముప్పైలో పడతాడు. పిల్లలు తూకం తగ్గించిన పెద్దవాళ్లు కారు కాబట్టే ఇన్నేళ్లు పడుతుంది. పెద్దల గుండె జబ్బు ఎక్కువగా నడివయసులో పూడిన రక్తనాళాలది. పసివాళ్లది తల్లి కడుపులోనే గుండె కట్టుబడిలో జరిగిన తేడా.

కొత్తగా చేరినవాళ్లు ముందు నేర్చేది తల్లి మాట వినడం. "పాలు తాగేటప్పుడు నుదురంతా చెమట పడుతోంది", "రెండు గుక్కలు పీల్చి ఆయాసపడి వదిలేస్తున్నాడు" అని ఆవిడ చెప్పిందంటే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే. పాలు తాగడమే పసివాడికి కొండ ఎక్కడం. పుస్తకంలో 'నీలంగా మారడం' అని ఉంటుంది. మన తల్లులు మాత్రం "ఏడిస్తే నల్లబడుతున్నాడు" అంటారు. చామనఛాయ ఒంటి మీద నీలం తెలియదు, నాలుక చూడాలి. తర్వాత తొడ మొదట్లో నాడి పట్టాలి. చేతిలో నాడి గట్టిగా కొడుతూ అక్కడ అందకపోతే బృహద్ధమని ఎక్కడో ఇరుకైందని అనుమానించాలి. పది సెకన్ల పనే ఇది. హడావుడి ఓపీలో చాలాసార్లు జారిపోయేదీ ఇదే.

ఆ తర్వాతే స్టెతస్కోపు. ఇక్కడో తమాషా ఉంది. గొట్టం మూతిని వేలితో నొక్కితే నీళ్లు చప్పుడు చేస్తూ చిమ్ముతాయి కదా, అలాగే గుండె కింది గదుల మధ్య గోడలో చిన్న రంధ్రం పెద్ద హోరు చేస్తుంది. పెద్ద రంధ్రం, అందులోనూ పుట్టిన తొలి రోజుల్లో, గుట్టుగా ఉండిపోవచ్చు. చప్పుడు లేదు కాబట్టి జబ్బు లేదనుకున్న డాక్టరు మోసపోతాడు.

నాకు ఈ విద్యలో అన్నిటికంటే నచ్చేది గుండెను చదివే పద్ధతి. ఇక్కడ కుడి అంటే కుడిపక్కన ఉన్నదని కాదు, కుడి గది లక్షణాలున్నదని. గుండె పై గదిని కర్ణిక అంటారు, ఆ మాటలోనే చెవి ఉంది. ఆ చెవి తమ్మెలాంటి భాగమే ఆనవాలు. వెడల్పు మొదలుతో ముక్కోణంగా ఉంటే అది కుడి కర్ణిక, సన్నగా వంకర వేలిలా ఉంటే ఎడమది. కింది గదులైన జఠరికల్లో కుడిదాని లోపలి కండరం మొరటుగా ఉంటుంది, ఎడమదాని గోడ నునుపు. కుడి గది ఎడమపక్కన కూర్చున్నా దాని పేరు మారదు. ఆనవాళ్లు తేలాక ఏ కర్ణిక ఏ జఠరికలోకి తెరుచుకుంది, ఏ జఠరిక నుంచి ఏ ధమని బయల్దేరింది అంటూ రక్తం వెంట నడవాలి. బోస్టన్‌లో వాన్ ప్రాగ్, లండన్‌లో రాబర్ట్ ఆండర్సన్ ఈ వరసకు వ్యాకరణం రాశారు. ఇద్దరి పరిభాషలకూ పడని చోట్లున్నాయి, శిష్యులు రెండూ నేర్చుకోక తప్పదు. వీళ్లకు ముందే మాంట్రియల్‌లో మాడ్ అబ్బట్ అనే వైద్యురాలు మ్యూజియంలో భద్రపరిచిన గుండెలను పరిశీలిస్తూ, 1936లో వెయ్యి కేసులతో అట్లాస్ తెచ్చారు. ఫార్మలిన్‌లోంచి తీసిన గుండెను అరచేతిలో తిప్పి చూసినవాడికి తెర మీది నీడ కూడా అర్థమవుతుంది.

ఎకో గదిలో ఓర్పు పరీక్ష వేరే. బిడ్డ తన్నుతాడు, ఏడుస్తాడు. ట్రైక్లోఫాస్ సిరప్ పట్టి నిద్ర వచ్చేదాకా కాచుకోవాలి. ప్రోబ్‌ను ముందు డొక్కల కింద, పొట్ట మీద ఆన్చి, అక్కడి నుంచి పైకి నడవడం పిల్లల డాక్టర్ల పద్ధతి. ఏదో ఒక తేడా దొరకగానే ఆగిపోవడం కొత్తవాళ్ల రోగం. వరస పూర్తి చేస్తే రెండోది, మూడోది కూడా బయటపడతాయి. కేసుల మీటింగులో సర్జన్ ముందు తన ఎకోకు జవాబు చెప్పుకోవాలి. అక్కడ తేల్చుకున్నది నిజమో కాదో ఛాతీ తెరిచిన రోజున తెలుస్తుంది. ఇంతకంటే నిక్కచ్చి పరీక్ష ఏ యూనివర్సిటీ పెట్టలేదు.

టాసిగ్ గొప్పతనం కూడా రక్తం వెంట నడవడంలోనే ఉంది. కడుపులో ఉన్నప్పుడు పనిచేసే డక్టస్ అనే చిన్న నాళం పుట్టాక మూసుకుంటుంది. అది మూసుకున్నాకే కొందరు నీలి పిల్లలకు ప్రాణం మీదికి వస్తోందని ఆవిడ గమనించారు. అలాంటి నాళాన్నే కొత్తగా కట్టగలమా అని అడిగారు. 1944 నవంబరు 29న సర్జన్ బ్లాలాక్ పదిహేను నెలల పాపకు ఆ ఆపరేషన్ చేశారు. కుక్కల మీద చేసి చేసి ఆ కుట్టుపనిలో చెయ్యి తిరిగిన వివియన్ థామస్ ఆయన వెనక నిలబడి సలహా చెప్పారు. థామస్ డాక్టరు కాదు, వడ్రంగి పని తెలిసిన నల్లజాతి ల్యాబ్ సహాయకుడు. ఆయనకు దక్కాల్సిన పేరు చాలా ఆలస్యంగా దక్కింది. ఇవాళ ప్రోస్టాగ్లాండిన్ మందు ఎక్కించి, ఆపరేషన్‌ దాకా డక్టస్‌ను తెరిచి ఉంచుతున్నారు. మందు చేతిలో ఉన్నా, జబ్బు ఇదేనని సకాలంలో అనుమానించే మనిషి కావాలి.

మన దేశంలో ఏటా రెండు లక్షలకు పైగా పిల్లలు గుండె లోపంతో పుడుతున్నారని, వాళ్లలో దాదాపు ఐదోవంతు మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స కావాలని అంచనా. తిరుపతిలో 2021లో పిల్లల గుండె ఆస్పత్రి మొదలైంది. భవనం కట్టినంత వేగంగా డాక్టరు తయారుకాడు, ఆ డాక్టరుకు నేర్పే డాక్టరు అసలే తయారుకాడు. ప్రభుత్వాలు సీట్లకు పెట్టే శ్రద్ధలో సగమైనా గురువులకు పెట్టాలి.

ఈలోగా మీ ఇంట్లో బిడ్డ పుడితే, పల్స్ ఆక్సీమీటరు కుడి చేతికీ కాలికీ పెట్టి చూశారా, తొడ దగ్గర నాడి పట్టి చూశారా అని డిశ్చార్జికి ముందు అడగండి. మొహమాటపడకండి.