నల్లమలలో చేతి జి.పి.ఎస్. యంత్రము: ఒక విమర్శ

విదేశములలో వేటకు పోవువారి కొరకు చేతిలో ఇమిడెడి జి.పి.ఎస్. యంత్రములు పెక్కు రకములు అమ్ముచున్నారు. వానిని ఎట్లు ఎన్నుకొనవలెనో తెలుపు మార్గదర్శికలకు కొదవ లేదు. తెర పెద్దదై, రంగులదై యుండవలెనట. పొరుగువాని భూమి హద్దు పటముపై కనబడవలెనట. జింక కొరకు కాచు మంచెను, బండి నిలిపిన చోటును గుర్తుంచుకొనవలెనట. వేటకుక్క మెడపట్టీ ఎక్కడ తిరుగుచున్నదో చూపవలెనట. ఇవన్నియు ఆ దేశపు వేటగానికి పనికివచ్చునవే. ఆ జాబితానే చేతబట్టుకొని గిద్దలూరులో యంత్రము కొనబోవువాడు మాత్రము సొమ్ము పోగొట్టుకొనును.

గిద్దలూరు నల్లమలకు తూర్పు అంచున గలదు. ఇచ్చటినుండి నంద్యాల పోవు రైలు దిగువమెట్ట, చెలమల మీదుగా, సొరంగములు దూరి, కొండలు దాటును. ఒకప్పుడు ఈ ప్రాంతము వేటగాండ్రకు పేరుపడినది. బెంగుళూరు వేటగాడును రచయితయు నగు కెన్నెత్ ఆండర్సన్ దిగువమెట్ట పరిసరములను గూర్చి వ్రాసియున్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ ముచ్చట ముగిసినది. వలపన్నుట, ఉచ్చువేయుట, తరుముట కూడ ఆ చట్టము దృష్టిలో వేటయే. కావున నేడు ఈ అడవిలో జంతువు జాడ వెంట న్యాయముగా నడచువారు వేటగాండ్రు కారు. అటవీ బీటు ఉద్యోగులు, వారితో పాటు కాపలా శిబిరములలో పనిచేయు చెంచులు. జాడ తీయు విద్య పాతదే, దాని ప్రయోజనము మారినది. యంత్రమును తూచవలసినది వీరి పనితో.

ఆ పని యెట్టిది? 2006 మొదలు దేశమంతట నాలుగేండ్లకొకమారు పులుల లెక్క జరుగుచున్నది. ఒక్కొక్క బీటులో అయిదేసి కిలోమీటర్ల చొప్పున మూడు దారులు నడచి, మాంసాహార మృగముల అడుగులను, పెంటికలను, చెట్లపై గోళ్ళ గీతలను వెదకి, కనబడిన చోటునెల్ల అక్షాంశ రేఖాంశములతో వ్రాయవలెను. 2022 లెక్కలో ఆంధ్రప్రదేశమునకు 63 పులులు తేలినవి. అట్టి అంకె వెనుక ఈ నడకలును, స్వయంచాలక కెమెరాల చిత్రములును గలవు. దీనికి తోడు 2010లో ఎం-స్ట్రైప్స్ అను పద్ధతి వచ్చినది. కాపలావారు ఏ దారిని ఎంతదూరము నడచిరో యంత్రమే గీత గీసి చూపును.

ఇక యంత్రము సంగతి. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములు తమ గడియారపు వేళను రేడియో తరంగములపై చాటుచుండును. అది చేరుటకు పట్టిన కాలమునుబట్టి యంత్రము దూరము లెక్కించును. కాలములో సెకనుకు పదిలక్షవ వంతు తప్పు వచ్చిన దూరములో 300 మీటర్లు తప్పును. చేతి యంత్రములోని గడియారము అంత నమ్మదగినది కాదు గనుక, మూడు ఉపగ్రహములు చాలవు. గడియారపు తప్పును పట్టుటకు నాలుగవది కావలెను. 2000 మే నెల వరకు అమెరికా ప్రభుత్వము పౌరులకు అందు సంకేతమును బుద్ధిపూర్వకముగా చెడగొట్టుచుండెను. నాడు నూరు మీటర్ల తప్పు సామాన్యము. ఆ తెర తొలగిన పిమ్మట చేతి యంత్రములకు గిరాకి హెచ్చినది.

ఇప్పుడు తెరిపి ఆకాశము క్రింద చరవాణి సైతము సాధారణముగా 5 మీటర్ల లోపల చోటు చెప్పగలదు. ప్రకటనలలోని “3 మీటర్లు” అను అంకె కూడ ఆ తెరిపిదే. నల్లమల లోయలో ఆకాశము తెరిపిగా నుండదు. రెండు కొండల నడుమ నిలిచినవానికి నడినెత్తిన నున్న ఉపగ్రహములే కనబడును, అంచులవి కొండల చాటున పోవును. ఒక ప్రక్కనే గుంపుగా నిలిచిన సాక్షులు ఎందరున్నను జరిగినది పూర్తిగా తేలదు గదా! ఉపగ్రహముల సాక్ష్యమును అట్టిదే. వాని సంఖ్య కంటె అవి ఆకాశమున విడివిడిగా పరచుకొని యుండుట ముఖ్యము. ఒక్క జి.పి.ఎస్.నే గాక రష్యావారి గ్లోనాస్ మొదలగు ఇతర వ్యవస్థలను కూడ అందుకొను యంత్రమునకు ఎక్కువ వెల పెట్టుట ఇచ్చట దండుగ కాదు. పొరుగువాని హద్దు చూపు పటమునకు పెట్టు వెల మాత్రము శుద్ధ దండుగ.

ఆకుల వలని చిక్కు వేరు. ఈ సంకేతపు తరంగము పొడవు సుమారు 19 సెంటిమీటర్లు. తడి ఆకులు దానిని మ్రింగును, బండలు దానిని త్రిప్పికొట్టును. త్రిప్పికొట్టబడినది చుట్టుదారిన వచ్చుటచే యంత్రము దూరము ఎక్కువ యనుకొనును. నల్లమద్ది, చిరిమాను, వెదురు పెరుగు నల్లమల ఆకురాల్చు అడవి. కావున వేసవిలో బోడులైన చెట్ల క్రింద చక్కగా పనిచేసిన యంత్రము, వానకాలమున అదే చోట తడబడును. ఏప్రిల్‌లో పరీక్షించి మెచ్చుకొని కొన్నవారు సెప్టెంబరులో నిందించుట ఇందువల్లనే.

మరియొక మెలకువ గలదు. తెరపై “తప్పు 4 మీటర్లు” అని కనబడు అంకె, యంత్రము తన్ను గూర్చి తాను వేసికొనిన అంచనా మాత్రమే. బండ తగిలి తిరిగివచ్చిన తరంగమును అది గుర్తింపలేదు. తప్పులో నుండియు నిబ్బరముగా చిన్న అంకెనే చూపగలదు. దీని ఫలితము హాస్యాస్పదముగా నుండును. కాపలావాడు చెట్టుక్రింద కూర్చుండి చద్ది తినుచుండగా, చోటు అటునిటు ఊగుటచే, పటముపై అతడు నడచుచునే యుండును! కూర్చున్నవానికి కిలోమీటర్లు చేరును, నిజముగా నడచినవాని దారి వంకరలు పోవును. నడచిన దూరమునుబట్టి శ్రమను అంచనా వేయు అధికారి ఈ సంగతి నెరిగి యుండవలెను. లేకున్న అన్యాయము జరుగునది అడవిలో నున్నవానికే.

మన దేశపు గగన్ వ్యవస్థ ఈ లోపములను దీర్చదా అని అడుగవచ్చును. ఇస్రోయు, విమానాశ్రయముల ప్రాధికార సంస్థయు కలిసి విమానముల కొరకు దానిని నెలకొల్పిరి. ఉపగ్రహముల తప్పులను, పై వాతావరణమందలి విద్యుత్కణముల పొర వలని తప్పులను అది దిద్దును. దాని ఉపగ్రహము గిద్దలూరువారికి దక్షిణాకాశమున బాగుగా ఎత్తుననే యుండును గనుక అందుటయు కష్టము కాదు. కాని అది ఆకాశపు తప్పును దిద్దునే గాని ఆకు తప్పును, బండ తప్పును దిద్దలేదు. ఆ విద్యుత్కణముల పొరయు మన ప్రాంతమున పెంకిది. అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతము కొసమీదుగా పోవుటచే, సూర్యాస్తమయము తరువాత, ముఖ్యముగా సూర్యునిపై మచ్చలు హెచ్చిన సంవత్సరములలో, సంకేతములు మినుకుమినుకుమనును. సమశీతల దేశములలో పరీక్షలు జరిపి వ్రాసినవారికి ఈ అనుభవము అరుదు. రాత్రి కాపలాకు యంత్రము కొనువారు రాత్రియే పరీక్షించి చూడవలెను.

అన్నిటికంటె ముందు చూడవలసినది, విచిత్రముగా, బ్యాటరీ. శిబిరములో సౌరఫలకము ఉండవచ్చును, మబ్బు పట్టిన దినమున అది చాలకపోవచ్చును. గార్మిన్ కంపెనీవారి ఈట్రెక్స్ 10 అను సాదా నలుపు తెలుపు తెర యంత్రము రెండు సన్న సెల్లులతో 25 గంటలు నడచునని వారి వివరపత్రము; రంగుల తెరగల జి.పి.యస్.మ్యాప్ 64 రకమునకు 16 గంటలు. దినమునకు 8 గంటల చొప్పున మొదటిది మూడు దినములు, రెండవది రెండు దినములు. ఆ సెల్లులు ఏ కిరాణా దుకాణములోనైనను దొరకునవి, అడవిలో మార్చుకొనవచ్చును. లోపలనే బిగించిన బ్యాటరీ అయిపోయినచో యంత్రము రాయితో సమానము. మరల నింపుకొను సెల్లులు వేసినప్పుడు ఆ రకమును యంత్రమునకు తెలియజేయవలెను. వాని ఓల్టేజి తక్కువ. చెప్పకున్న మిగిలిన శక్తిని తప్పుగా చూపును.

చరవాణి యుండగా వేరే యంత్రమెందుకని కొందరి వాదము. టవరు అందనిచోట చరవాణి చోటు చెప్పలేదని మరికొందరి నమ్మకము. ఈ రెండవది తప్పు. ఉపగ్రహ సంకేతమునకు టవరుతో పని లేదు. టవరున్న ఉపగ్రహముల వివరములు వెంటనే అందును. లేనప్పుడు వానిని ఉపగ్రహమునుండియే వినవలెను. ఉపగ్రహము సెకనుకు 50 అక్షరాంశముల చొప్పున నిదానముగా చదువును: తన కక్ష్య వివరము అరనిమిషము, ఉపగ్రహములన్నిటి పట్టిక పన్నెండున్నర నిమిషములు. కావున యంత్రమైనను చరవాణియైనను శిబిరము వాకిట తెరిపిలోనే తెరచి, కాసేపు ఉంచి, ఆ పిమ్మట లోయలో దిగవలెను. మొదటి వాదములో కొంత నిజమున్నది. నేడు పులుల లెక్కకు చరవాణియే వాడుచున్నారు. చిత్రము, చోటు, వేళ ఒక్కచోట చేరుట గొప్ప సౌకర్యము. అయినను ఎండలో కాగు తెర, ఒక్క పగటితో అయిపోవు బ్యాటరీ, బండపై పడిన పగులు అద్దము దాని లోపములు.

యంత్రములో లేని తప్పును మనుష్యుడే చేర్చుట మరింత తరచు. ఒకే చోటును మూడు విధముల వ్రాయవచ్చును. గిద్దలూరు దగ్గర ఒకచోటు అక్షాంశము 15 డిగ్రీల 22 నిమిషముల 42 సెకనులు అనుకొందము. దానినే 22.42 నిమిషములుగా యంత్రములో నమోదు చేసినచో చోటు అయిదువందల మీటర్లకు పైగా దక్షిణమునకు జరుగును. 15.2242 డిగ్రీలని వ్రాసినచో 17 కిలోమీటర్లు! పులి అడుగు మరియొక బీటులో, మరియొక రేంజిలో తేలును. ఉచ్చు దొరికిన చోటు విషయమున అట్లు జరిగినచో, న్యాయస్థానములో ప్రతివాది న్యాయవాది అడుగు మొదటి ప్రశ్న అదే. పటముల సంగతియు ఇట్టిదే. సర్వే ఆఫ్ ఇండియావారి పాత పటములు ఎవరెస్టు పేరిట 1830 నాటి భూగోళ కొలతపై ఆధారపడినవి; యంత్రము మామూలుగా 1984 నాటి అంతర్జాతీయ కొలతను చూపును. 2005 జాతీయ పటవిధానము తరువాతి బహిరంగ పటములు ఈ క్రొత్త కొలతవి. పాత పటమును క్రొత్త యంత్రముతో చదివినవాడు వాగుకు ఈవలనుండి ఆవలనున్నాననుకొనును. ఏ కొలత, ఏ విధమున వ్రాత అను రెండును ప్రతి శిబిరములో ఒక్కటిగా నుండవలెను. ఇది కొనుగోలులో దొరకు గుణము కాదు, అలవాటు.

ఎంత నిఖార్సు కావలెనన్నది పనినిబట్టి యుండును. పులి అడుగు అయిదు మీటర్లు అటునిటైనను నష్టము లేదు, పులి అక్కడ నిలిచియుండలేదు గదా. అదే యంత్రమును 2006 అటవీ హక్కుల చట్టము క్రింద చెంచు కుటుంబపు సాగుభూమి కొలుచుటకు వాడినచో సంగతి వేరు. చదరముగా నున్న ఎకరము ఒక్కొక్క ప్రక్క 63 మీటర్లకు కొంచెము పైన. ప్రక్కకు 5 మీటర్లు తగ్గించి చూపినచో 15 సెంట్లు మాయమగును. కొలిచినవానికి అది చిన్న తప్పు. దున్నువానికి అది ఒక యేటి గింజలు. ఉపగ్రహ చిత్రములు మొదలగు సాంకేతిక సాధనములు ఇతర సాక్ష్యములకు తోడు మాత్రమే, వానికి బదులు కావని 2012లో సవరించిన నిబంధనలు చెప్పుట సబబే. మూలమూలకు పదినిమిషములు నిలిపి సగటు తీయవలెను, మరియొక పూట మరల తీయవలెను. ప్రక్కల పొడవును గొలుసుతో సరిచూడవలెను. సగటు తీయు సదుపాయము లేని యంత్రమును ఈ పనికి అసలే ముట్టరాదు.

వేటగాని మాట మరల రాక తప్పదు. యంత్రము దాచిన చోట్లు దొంగవేటగానికి చిక్కిన, ఉచ్చు ఎక్కడ వేయవలెనో అతనికి వెదకు పని తప్పును. 2013లో మధ్యప్రదేశపు పన్నాలో ఒక పులి మెడపట్టీ పంపు స్థానవివరములను ఎవరో అక్రమముగా తెరువజూచిరని వార్త వచ్చినది. అందుచే యంత్రమునకు, చరవాణికి తాళపు సంకేతము పెట్టుట, చిత్రములను స్నేహితులకు పంపునప్పుడు వానిలో దాగియుండు చోటు వివరమును తొలగించుట, రంగుల తెర కంటె ముఖ్యమైన లక్షణములు. పెక్కు చౌక యంత్రములలో తాళమే లేదు. వివరపత్రములు దీనిని పైకి చెప్పవు.

కొనుటకు ముందు చేయదగిన పరీక్ష ఒకటున్నది. దానికి ఖర్చు లేదు. రెండు మూడు యంత్రములను ప్రక్కప్రక్కన ఒక పెద్ద మర్రి క్రింద గంటసేపు ఉంచి, అయిదు నిమిషములకొకమారు చోటు నమోదు చేయవలెను. ఆ చుక్కలను గళ్ళ కాగితముపై పెట్టిన, ఏది దగ్గరదగ్గరగా కుదురుకొన్నదో, ఏది చెదరినదో కంటికే తెలియును. పగలొకసారి, చీకటి పడిన తరువాత ఒకసారి, వీలైన వానలు పడిన పిమ్మట మరియొకసారి చేసినచో మంచిది. అటుపిమ్మట బేరమాడవచ్చును.