పిరమిడ్ అడుగున కులం కనపడదా?

మేనేజ్‌మెంట్ చదువులు కులం ఊసెత్తవు. ఊసెత్తనంత మాత్రాన కులం అక్కడ లేనట్టు కాదు. ఈ మాట రుజువు చెయ్యడానికి పేదలంటే గిట్టని ప్రొఫెసర్ నొకర్ని పట్టుకొచ్చి తిట్టొచ్చు. దానివల్ల మనం నేర్చుకునేదేం వుండదు. అందుకే, పేదల్ని దానం పుచ్చుకునేవాళ్ళుగా చూడొద్దని బహుళజాతి కంపెనీలకు చెప్పిన సి.కె. ప్రహ్లాద్‌నే మేం చర్చకు తీసుకుంటున్నాం.

ప్రహ్లాద్ 1941లో కోయంబత్తూరులో పుట్టారు. తండ్రి న్యాయమూర్తి, సంస్కృత పండితుడు. మద్రాసు లయోలా కాలేజీలో ఫిజిక్సు, యూనియన్ కార్బైడ్ బ్యాటరీ ఫ్యాక్టరీలో నాలుగేళ్ళ ఉద్యోగం, అహ్మదాబాద్ ఐఐఎం, హార్వర్డ్ డాక్టరేటు, 1977 నుంచి మిచిగన్ యూనివర్సిటీ. 2009లో పద్మభూషణ్ ఇచ్చారు. 2010 ఏప్రిల్‌లో చనిపోయారు. ఈ ప్రయాణంలో ఆయనకు పేరు తెచ్చిన భావాలు ముఖ్యంగా రెండు. వాటిని పక్కపక్కన పెట్టి చదవాలి.

మొదటిది 1990లో గ్యారీ హామెల్‌తో కలిసి చెప్పిన 'కోర్ కాంపిటెన్స్'. కంపెనీ అసలు బలం అది అమ్మే సరుకుల్లో లేదు, ఆ సరుకుల వెనక అందరూ కలిసి ఏళ్ళ తరబడి నేర్చుకున్న నైపుణ్యంలో వుంది అన్నది దాని సారం. రెండోది 2004లో వచ్చిన 'ది ఫార్చ్యూన్ ఎట్ ది బాటమ్ ఆఫ్ ది పిరమిడ్' పుస్తకం. రోజుకు 2 డాలర్లలోపు బతికే 400 కోట్లమంది ఒక పెద్ద మార్కెట్ అనీ, వాళ్ళకు అందే ధరలో, చిన్న ప్యాకెట్లలో సరుకు అమ్మితే కంపెనీకి లాభం, పేదవాడికి గౌరవం రెండూ దక్కుతాయనీ ఆ పుస్తకం వాదన.

మా ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. కంపెనీ దగ్గర సమష్టి జ్ఞానం వుందని కనిపెట్టిన ప్రొఫెసర్‌కి, అడుగునున్న జనం దగ్గరికొచ్చేసరికి ముందుగా వాళ్ళ కొనుగోలు శక్తి ఎందుకు కనపడింది?

మాదిగల సంగతే చూద్దాం. పచ్చితోలును సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో లందలో ఊనిచ్చి, చెప్పుగా, మోట బొక్కెనగా, డప్పుగా మార్చిన విద్య ఒక్కడిది కాదు. తరతరాలుగా ఒక కులమంతా కలిసి నేర్చింది. ప్రహ్లాద్ నిర్వచనం ప్రకారమే అది కోర్ కాంపిటెన్స్. కంచ ఐలయ్య 2009లో తన పుస్తకంలో వీళ్ళను శాస్త్రవేత్తలుగానే చూశారు. జపాన్ కంపెనీ దగ్గరుంటే నైపుణ్యం, మాదిగవాడలో వుంటే మైలపని. ఈ తేడాను ఆదాయం లెక్క చెప్పలేదు. చెప్పగలిగేది కులం ఒక్కటే.

పుస్తకంలో ఉత్పత్తిదారులు అసలే లేరని మేం అనం. ఐటీసీ ఇ-చౌపాల్ వుంది. సోయా రైతు కంప్యూటర్లో ధర చూసుకుని దళారి చేతిలో మోసపోకుండా అమ్ముకోవడం మంచిదే. కాని అమ్ముకోవడానికి పంట వుండాలి, పంటకు భూమి వుండాలి. కూలికి పోయేవాడు ఆ కంప్యూటర్లో ఏం చూసుకోవాలి?

అదే 2004లో అలెన్ హామండ్‌తో కలిసి రాసిన వ్యాసంలో ప్రహ్లాద్ ఒక వీధులూడ్చే యువతి ప్రస్తావన తెస్తారు. ఆమె ఫెయిర్ అండ్ లవ్‌లీ క్రీము వాడుతుంది. ఎండనుంచి తన చర్మాన్ని కాపాడుకోగలుగుతున్నానని గర్వపడుతుంది. తన స్తోమతకు తగ్గ సరుకును ఎంచుకోగలగడమే ఆమెకు సాధికారత అంటారు రచయితలు. అదే యూనివర్సిటీలో పనిచేసిన అనీల్ కర్నాని దీన్ని గట్టిగా ఎదుర్కొన్నారు. పేదల ఆదాయం పెంచకుండా సరుకు అమ్మితే పేదరికం పోదనీ, నల్లగా వుండటం తక్కువతనమని చెప్పే క్రీము సాధికారత కాదనీ అన్నారు. మేం ఇంకో మాట కలుపుతున్నాం. ఈ దేశంలో చీపురు ఏ కులాల చేతికి అందుతూ వచ్చిందో తెలియనిదెవరికి? ఆమె మొహానికి ఏం రాసుకుంటుందో చూసినవాళ్ళు, ఆమె చేతిలోకి చీపురు ఎట్లా వచ్చిందో అడగలేదు. ఆ కంపెనీ 2020లో క్రీము పేరు మార్చింది. చీపురు పట్టే కులాలు మారలేదు.

మన దగ్గరి ఉదాహరణ కూడా వుంది. హిందుస్థాన్ లీవర్ తన 'శక్తి' పథకాన్ని మొదలుపెట్టింది నల్గొండ జిల్లాలోనే. పొదుపు సంఘాల మహిళలు సబ్బులు, ఉప్పు ఇల్లిల్లూ తిరిగి అమ్మాలి. దళిత మహిళ తెచ్చిన ఉప్పు ప్యాకెట్‌ను ఏ ఇంటివాళ్ళు లోపలికి రానిచ్చి కొంటారు, ఏ ఇంటివాళ్ళు గడప బయటే ఆపుతారు? అమ్మకాల లెక్కల్లో ఈ ప్రశ్నకు గడి వుండదు.

మార్కెట్ దళితులకు ఏమీ చెయ్యలేదా అని మన మిత్రులే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చంద్రభాన్ ప్రసాద్, మరి ముగ్గురు పరిశోధకులు ఉత్తరప్రదేశ్‌లో రెండు బ్లాకుల దళిత కుటుంబాలన్నిటినీ సర్వే చేసి 2010లో ఫలితాలు ప్రచురించారు. షాంపూ, టూత్‌పేస్టు వాడకం పెరగడాన్ని వాళ్ళు మార్పుగానే లెక్కించారు. మేమూ దాన్ని తీసిపారెయ్యం. ఒకప్పుడు మంచి బట్ట కట్టుకున్నందుకే తన్నులు తిన్న జనం మనది. కాని ఆ సర్వే అక్కడే ఆగలేదు. భూస్వామి పాలేరుతనం వదలడం, పట్నం పోయి వేరే పని దొరకబుచ్చుకోవడం కూడా లెక్కించింది. పని మారితే సరుకు గౌరవానికి గుర్తవుతుంది. పని మారకుండా సరుకే వస్తే అది రూపాయి ప్యాకెట్ మాత్రమే.

పిరమిడ్ బొమ్మలో వున్న తప్పు అదే. డబ్బు వస్తే పైకి ఎక్కొచ్చన్నట్టు అది కనిపిస్తుంది. అంబేద్కర్ 1920లోనే మూక్‌నాయక్‌లో హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చారు. ఆయనా కొలంబియాలో, లండన్‌లో చదివిన ఆర్థికవేత్తే. మన బిజినెస్ స్కూళ్ళలో ఆయన్ని ఆ హోదాలో పాఠంగా చెప్పేదెక్కడ?

పాఠం చెప్పేదెవరన్నదీ ఇందులో భాగమే. ఐఐఎంలు అధ్యాపక నియామకాల్లో ఏళ్ళ తరబడి రిజర్వేషన్లకు దూరంగా వున్నాయి. 2019లో పార్లమెంటు దీనిపై చట్టం చెయ్యాల్సి వచ్చింది. చట్టం వచ్చాక కూడా ఖాళీల కోసం కొట్లాట తప్పడం లేదు.

మన వాడలనుంచి ఎంబీఏ చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒకటే చెబుతున్నాం. ప్రహ్లాద్‌ని చదవండి, పరీక్షలో మంచి మార్కులూ తెచ్చుకోండి. కాని ఏ కేస్ స్టడీ చేతికొచ్చినా భూమి ఎవరిది, పని ఎవరిది, కులం ఏమిటి అని క్లాసులోనే లేచి అడగండి.