20 ఓంల నిప్పు

కట్టెల ఆవం గురించి పొంగిపోయి రాసేవాళ్లు చాలామంది. కరెంటు కిల్న్ జోలికి ఎవరూ రారు. స్విచ్ వేస్తే వేడెక్కే డబ్బాలో రాయడానికేముంది అంటారు. కానీ ఆవంలో ప్రతిసారీ కొత్త కట్టెలు, కొత్త మంట. కరెంటు కిల్న్‌లో ఎన్ని కాల్పులకైనా అదే తీగ కాగాలి, కాగినప్పుడల్లా కొంత అరగాలి. ఆ అరుగుదలను పసిగట్టడం కూడా కుండలు చేసేవాళ్ల పనే, ఎలక్ట్రీషియన్‌ది కాదని నేనంటాను.

మా షెడ్డులో ఉన్నది వేరేవాళ్లు వాడి అమ్మేసిన పాత కిల్న్. ఎలిమెంట్లలో ఒక్కటీ తెగలేదు, అన్నీ ఎర్రగానే వెలుగుతాయి. గ్లేజు పూయకముందు చేసే బిస్క్ కాల్పుకు 1000 డిగ్రీలు ఇబ్బంది లేకుండా ఎక్కుతుంది. గ్లేజుకు, వేడిని చూపే కోన్ 6 వంగాలంటే 1220 దాకా పోవాలి. అక్కడే వచ్చింది చిక్కు, 1180 దాటాక ఉష్ణోగ్రత ముల్లు మొరాయించేది. ఎండాకాలం సాయంత్రాలు మరీ. వోల్టేజి 230 నుంచి 207కి పడితే తగ్గింది పదో వంతే కదా అనిపిస్తుంది. వేడి మాత్రం వోల్టేజి వర్గంతో నడుస్తుంది, కాబట్టి దాదాపు ఐదో వంతు పోయినట్టే.

అయితే నేరమంతా కరెంటాఫీసు మీద తోసేయకూడదు. మెయిన్ ఆపి, వైర్లు విడదీసి, మల్టీమీటరు పెట్టి చూస్తే కొత్తలో 20 ఓంలు ఉండాల్సిన ఎలిమెంటు 22 చూపించింది. అంటే 2.6 కిలోవాట్లు ఇవ్వాల్సింది 2.4 ఇస్తోంది. నిరోధం పదో వంతు పెరిగితే ఎలిమెంటు మార్చే వేళయిందని లెక్క.

ఎందుకు పెరుగుతుందంటే, ఈ తీగ ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రమం. 1931లో స్వీడన్‌లో మొదలైన కంపెనీ పేరు మీదే అందరూ దీన్ని కాంతల్ అంటారు. కాగినప్పుడు అల్యూమినియం పైకొచ్చి ఆక్సిజన్‌తో కలిసి సన్నని పొరగా మారుతుంది. తీగను కాపాడేది ఆ పొరే. వేడికి సాగి, చల్లారి ముడుచుకునేటప్పుడు పొర పగులుతుంది, లోపలి అల్యూమినియం వచ్చి ఆ పగుళ్లను పూడుస్తుంది. లోపలి నిల్వ అడుగంటే దాకా ఈ మరమ్మతు దానంతటదే సాగుతుంది.

హాస్టల్లో కాయిల్ పొయ్యి మీద గుడ్లు ఉడకబెట్టుకున్నవాళ్లకు ఒక చిట్కా తెలుసు: తెగిన కాయిల్ కొసలు రెండూ మెలేసి, మళ్లీ ప్లగ్గు పెట్టడం. మెలేసిన ప్రతిసారీ కాయిల్ పొట్టిదవుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, ఇంకాస్త కాగి మళ్లీ తెగుతుంది. కిల్న్‌లో ఆ అవకాశం కూడా లేదు. ఒకసారి బాగా కాగిన కాంతల్ చల్లగా ఉన్నప్పుడు వంచితే అప్పడంలా విరుగుతుంది. గాడిలోంచి బయటికి ఉబికిన కాయిల్‌ను లోపలికి నెట్టాలన్నా బ్లోటార్చ్‌తో ఎర్రబడేదాకా కాచాల్సిందే.

కొత్త తీగ కోసం రాణిగంజ్ వెళ్తే జేబులో అయస్కాంతం ఉండాలి. కాంతల్‌కు అంటుకుంటుంది, నైక్రోమ్ అనే ఇంకో రకం తీగకు అంటుకోదు. కోన్ 6 కాల్పులకు నైక్రోమ్ ఎక్కువ కాలం నిలవదు. కాయిల్ చుట్టే పెద్దాయన మాత్రం నన్ను సన్న తీగ వైపు లాగాడు. "సన్నది తీసుకోండి మేడమ్, వాట్లు అవే వస్తయి, పైసలు సగం కూడా కావు." ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. 2 మిల్లీమీటర్ల తీగయితే 20 ఓంలకు దాదాపు 43 మీటర్లు కావాలి, 1.6 అయితే 28 చాలు. తూకంలో సగం కంటే తక్కువే. కాకపోతే అంతే వేడిని సగం ఒంటితో మోయాలి. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద భారం దాదాపు రెట్టింపై, తీగ తొందరగా పోతుంది. లావు తీగే కొన్నాను. "మీ ఇష్టం" అన్నాడాయన, తూకం వేస్తూ.

ఓపిక పరీక్షించేది గాడి. గోరు గీస్తే గుంట పడేంత మెత్తటి ఇటుక అది. ఎప్పుడో కారిన గ్లేజు గాడిలో గాజులా అతుక్కుని ఉంటే మొత్తం చెక్కేయాలి. వదిలేస్తే తర్వాతి కాల్పులో కరిగి ఆ కాపాడే పొరనే తినేస్తుంది. నేను పాతవన్నీ ఒకేసారి తీసేశాను. ఒకటి కొత్తది, మిగతావి ముసలివి అయితే ఒక అరలో గ్లేజు నిగనిగలాడుతుంది, పక్క అరలో మొరటుగా మిగిలిపోతుంది.

మొదటి కాల్పు ఖాళీగా చెయ్యాలి, గాలి ఆడేట్టు కన్నాలు తెరిచి, 1050 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు నిలపాలి. మొదటి పొర గట్టిగా పట్టాలంటే ఇదే దారి. "ఖాళీ పొయ్యికి ఇంత కరెంటా?" అని ఇంట్లో అడిగారు. బిల్లు వచ్చాక మళ్లీ అడిగారు. చల్లారాక టెర్మినల్ స్క్రూలు ఇంకోసారి బిగించాలి. వేడికి సర్దుకుని వదులైతే అతుకు దగ్గరే కాగి, కొత్త ఎలిమెంటు తోక కాలిపోతుంది. ఆ ఒక్క పనికి ఎలక్ట్రీషియన్ మళ్లీ రాడు. స్క్రూడ్రైవరు నా దగ్గరే ఉంచుకున్నాను.