బిళ్ల వెనకవైపు

ఎవరైనా పాత పతకమో బ్యాడ్జీయో చేతిలో పెడితే నేను ముందు దాన్ని బోర్లా తిప్పుతాను. తెచ్చినవాళ్లకి అది నచ్చదు. డేగ రెక్కలు, ఓక్ ఆకులు, కత్తులు అన్నీ ఇటువైపే ఉంటే అటు చూస్తారేంటి సార్ అంటారు. నకిలీ చేసేవాడు కూడా అలాగే అనుకుంటాడు. వాడి పనితనమంతా ముందువైపే ఖర్చయిపోతుంది. పిన్ను, కీలు, కొక్కెం, టంకం దగ్గరికొచ్చేసరికి చేతికి దొరికింది అతికించి వదిలేస్తాడు.

మా పేట ఖానాపురం హవేలిలో కూర్చుని జర్మన్ సైనిక బ్యాడ్జీల గోల ఏమిటని అడిగేవాళ్లున్నారు. సంబంధం లేకపోలేదు. 1914లో సికింద్రాబాద్ అశ్వికదళ బ్రిగేడ్ ఓడలెక్కి ఫ్రాన్సు వెళ్లింది. అందులోని 20వ దక్కన్ హార్స్ 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో, హైవుడ్ అనే అడవి దగ్గర, గుర్రాల మీద జర్మన్ల మీదికి ఉరికింది. రెండో యుద్ధం నాటికి సంబంధం ఇంకా దగ్గరిది. హైదరాబాద్‌లో పుట్టిన ఆబిద్ హసన్ ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లి, సుభాష్ చంద్రబోస్‌కి కార్యదర్శి అయ్యాడు. ‘జై హింద్’ ఆయన నోట పుట్టిందే అంటారు. 1943 ఫిబ్రవరిలో బోస్‌తో పాటు యు-180 జలాంతర్గామి ఎక్కిందీ ఆయనే. అంతకు ముందు ఏడాది బోస్ జర్మనీలోనే ఆజాద్ హింద్ పతకాలు ఏర్పాటు చేశాడు: షేరే హింద్, సర్దారే జంగ్, వీరే హింద్, షహీదే భారత్. రణరంగంలో ఉన్నవాళ్లకి కత్తులతో, మిగతావాళ్లకి కత్తులు లేకుండా. పేర్లు మనవే గానీ తయారీ వియన్నాలోని రుడాల్ఫ్ సూవల్ అనే కంపెనీది. ఆ కంపెనీ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మాది కంసాలి ఇల్లు. నేను కుంపటి ముందు కూర్చోలేదు గానీ టంకం చూసే కన్ను మాత్రం వచ్చింది. జర్మన్ బ్యాడ్జీల దగ్గర అది బాగా పనికొస్తుంది. రెండో యుద్ధం మొదట్లో మంచి బ్యాడ్జీలు టోంబాక్‌తో చేశారు, అంటే రాగి పాలు ఎక్కువున్న ఇత్తడి. దాని మీద టంకం చక్కగా పారుతుంది. అందుకని కీలునీ కొక్కేన్నీ విడిగా చేసి, ఒక్కోసారి చిన్న గుండ్రటి రేకు మీద నిలిపి, అతికేవాళ్లు. 1942 వచ్చేసరికి రాగికి కరువొచ్చి జింకులోకి దిగారు. జింకు మహా మొండి. 420 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, టంకాన్ని సరిగా పట్టుకోదు. దాంతో చాలామంది తయారీదారులు వెనకవైపు చిన్న గుంట పెట్టి, కీలును అందులో కూర్చి, చుట్టూ ఉన్న లోహాన్నే నొక్కి బిగించడం మొదలుపెట్టారు. కాబట్టి జింకు బిళ్ల వెనక టంకం ముద్ద కనిపిస్తే తప్పని చెప్పను గానీ, భూతద్దం మాత్రం కింద పెట్టను. మీద పూసిన వెండి మెరుగు జింకు మీద నిలవదు, ఏళ్లు గడిచేకొద్దీ బూడిదరంగు తిరుగుతుంది. ఎనభై ఏళ్ల జింకు బిళ్ల తళతళా మెరుస్తుంటే నాకు సంతోషం కలగదు.

పోత పోసిన నకలైతే పట్టుకోవడం ఇంకా తేలిక. అసలు బిళ్లను అచ్చుల మధ్య పెట్టి కొట్టి ఉంటారు, గీతలు పదునుగా తేలతాయి. దాన్నే నమూనాగా పెట్టి మూస కట్టి పోస్తే, లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి నకలు కొద్దిగా చిన్నదవుతుంది. వెర్నియర్ పెడితే దొరికిపోతుంది. ఆకుల సందుల్లో సన్నటి గాలి గుంటలు కూడా ఉంటాయి.

ఇక ముద్ర. అందరూ ముందు అడిగేది ఇదే, నేను చివర చూసేదీ ఇదే. 1941లో జర్మన్ పతకాల తయారీదారుల సంఘం దుకాణాల్లో అమ్మే సరుకుకి ‘ఎల్’ అక్షరంతో నంబర్లిచ్చింది. బెర్లిన్ యుంకర్ కంపెనీది ఎల్/12, ల్యూడెన్‌షైడ్ ఊరి స్టైన్‌హావర్ అండ్ ల్యూక్‌ది ఎల్/16. ప్రభుత్వానికి ఇచ్చే సరుకు మీద వేరే నంబర్లు, యుంకర్‌కి 2, స్టైన్‌హావర్‌కి 4. 1940లో మెడలో వేశారని కథ చెప్పి, వెనక ఎల్ నంబరున్న బిళ్ల చూపిస్తే లెక్క కుదరదు. పోయిన బిళ్ల బదులు సైనికుడు తర్వాత దుకాణంలో కొనుక్కున్నాడేమో అంటే, సరే, అది వేరే మాట. మన బంగారం నగ మీదైతే హాల్‌మార్క్ పక్కన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉంటుంది, ఫోన్‌లో కొడితే వివరాలొస్తాయి. ఇక్కడ ఆ సుఖం లేదు. ముద్ర కొట్టే పంచు ఎవరైనా చేయించుకోవచ్చు.

ఇప్పుడు సూవల్ దగ్గరికొద్దాం. వాళ్ల నంబరు ఎల్/58. యుద్ధం ముగిశాక కూడా ఆ కంపెనీ సేకరణదారుల కోసం పాత బిళ్లలు కొడుతూనే వచ్చింది. ఆజాద్ హింద్ పతకాలూ అందులో ఉన్నాయి. అంటే కంపెనీ అసలుదే, ముద్రా అసలుదే, తేదీ ఒక్కటే అబద్ధం. పశ్చిమ జర్మనీలో కథ ఇంకో రకం. 1957 జూలైలో చట్టం తెచ్చి, స్వస్తిక్ తీసేస్తే పాత పతకాలు పెట్టుకోవచ్చన్నారు. ఆ కొత్త పతకాలు చేసిన కంపెనీల్లో స్టైన్‌హావర్ కూడా ఉంది. ప్రభుత్వం ఒప్పుకుని చేయించిన సరుకుని నకిలీ అని ఎలా అంటాం? సూవల్ సరుకుని మాత్రం నేను నకిలీ కిందే కడతాను. బోస్ సైనికుడి ఛాతీ మీద ఉండాల్సింది, ఆ సైన్యమే లేకుండా పోయాక పర్యాటకుడి జేబులోకి చేరింది. నాతో ఒప్పుకోని సేకరణదారులున్నారు. వాళ్ల అల్మారాల్లో అవే ఎక్కువ మరి.

ఈమధ్య మా పేటలోనే ఒకాయన ఒక నల్ల బిళ్ల తెచ్చాడు. మొదటి యుద్ధపు జర్మన్ గాయపడినవారి బ్యాడ్జీ. ఆకుల దండ మధ్య ఉక్కు టోపీ, ఆ టోపీ వెనక ఒకదానికొకటి అడ్డంగా రెండు కత్తులు. ఇనపరేకు మీద అచ్చు కొట్టింది, వెనకంతా బోలు. అయస్కాంతం టక్కున పట్టుకుంది. నల్ల లక్క అంచుల్లో లేచిపోయి, రేకు సన్నగా తుప్పు పట్టింది. అన్నీ బాగానే ఉన్నాయి. పిన్ను మాత్రం ఇత్తడిది, మన చీర పిన్ను తరహా. దాని మొదట్లో వెడల్పుగా పరుచుకున్న కళాయి మాటు. బిందెకి మాటేసే చేతితో ఎవరో వేసింది.

తాత దక్కన్ హార్స్‌లో ఉండేవాడని, సోమ్ దగ్గర ఒక జర్మన్ నుంచి తీసుకున్నాడని ఇంట్లో చెప్పుకుంటారట. హైవుడ్ దాడి 1916 జూలైలో. ఈ బ్యాడ్జీని జర్మనీ ఏర్పాటు చేసిందే 1918 మార్చి 3న. బిళ్ల అసలుదేనండీ, సోమ్ మాత్రం కుదరదని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. “అయితే మా తాత అబద్ధమాడాడంటారా?” అన్నాడు. తాతే చెప్పాడో, తర్వాతివాళ్లు కలిపారో బిళ్లకేం తెలుసు అన్నాను. తాత సర్వీసు కాగితాలేమైనా ఇంట్లో ఉంటే తెమ్మన్నాను.

పిన్ను మార్పించి ఒరిజినల్ రకం వేయిస్తే ధర పెరుగుతుందా అని వెళ్తూ వెళ్తూ అడిగాడు. ఆన్‌లైన్‌లో అలాంటి పిన్నులు పొట్లాల లెక్కన అమ్ముతున్నారు. వద్దన్నాను. బిళ్లతో పాటు ఆ మాటునీ దగ్గర నుంచి ఫొటో తీసి పెట్టుకోమన్నాను. ఆ పనితనం ఏ కాలందో చెప్పగల ముసలి కంసాలులు కమాన్‌బజార్‌లో ఇంకా ఉన్నారు, ఈ ఆదివారం తీసుకెళ్లి చూపిస్తానన్నాడు.