దువ్వెన లాగేది, సూదంటురాయి లాగేది

ఏడో తరగతి పిల్లల చేతికి అయస్కాంతం ఇచ్చి కాసేపు ఊరకుంటే చాలు. బెంచీ కాలు, కిటికీ ఊచ, చివరికి బడి ముందరి ఇసుక దాకా అన్నీ చూసేస్తారు. ఆ తర్వాత గుడ్డతో రుద్దిన ప్లాస్టిక్ స్కేలు ఇస్తాను. అది కాగితం ముక్కల్ని లాగగానే "ఇదీ అయస్కాంతమే సార్" అంటారు.

ఆ మాటను వెంటనే కాదనకూడదని నా గట్టి నమ్మకం. చాక్లెట్ మీది అల్యూమినియం రేకు చించి ఇస్తాను. స్కేలు రేకునూ లాగుతుంది. అయస్కాంతం రేకునూ కాగితాన్నీ పట్టించుకోదు. స్కేలును చేత్తో తడిమితే దాని బలం పోతుంది, అయస్కాంతానికి ఏమీ కాదు. రెండూ వేరని అప్పుడు వాళ్లే అంటారు. (ఇది ఎండ కాసే ఫిబ్రవరి పాఠం. వానాకాలపు తేమలో స్కేలు మొరాయిస్తుంది. నూనె రాసిన తలలో దువ్వెనా అంతే.)

లాగడం కంటే తొయ్యడం చూపించడం ముఖ్యం. అయస్కాంతం మామూలు మేకునూ లాగుతుంది కాబట్టి ఆకర్షణను బట్టి రెండో వస్తువుకూ ఆ గుణం ఉందని తేలదు. ఒకే గుడ్డతో రుద్దిన రెండు స్ట్రాలను దారాలకు వేలాడదీస్తే అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. వికర్షణే అసలు సాక్ష్యం.

వేరని తేలిన ఈ రెంటికీ, అంటే స్కేలులోని విద్యుత్తుకూ అయస్కాంతానికీ, చుట్టరికం ఉందని 1820లో శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ చూపించాడు. కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం ఆయన విద్యార్థుల ముందు పాఠం చెబుతూనే గమనించాడు. మేము ప్రొద్దుటూరు మోటారు వైండింగు షాపుల్లో మిగిలిన రాగి తీగ తెచ్చి మేకుకు చుడతాం. తీగ కొనల మీది ఎనామిల్ గీకకపోతే ఎంత చుట్టినా దండగే. 1.5 వోల్టుల సెల్లు తగిలిస్తే గుండుసూదులు అంటుకుంటాయి, తీసేస్తే రాలిపోతాయి.

మా బడి ఉన్న చాపాడు కేసీ (కర్నూలు-కడప) కాలువ కింది ఊరే అయినా, కాలువ పారని రోజుల్లో బోరే దిక్కు. అందుకే ఇక్కడి పిల్లలకు బోరు మోటారు స్టార్టర్ బాగా తెలుసు. పచ్చ బటన్ నొక్కగానే టక్కున పట్టుకునేదీ, కరెంటు పోగానే వదిలేసేదీ లోపలి కాయిలే. మేకు ప్రయోగం అయ్యాక ఆ సంగతి చెప్పనక్కర్లేదు, ఎవరో ఒకరు లేచి చెబుతారు. ఇంట్లో ఆ పెట్టె తెరవొద్దని మాత్రం నేను గట్టిగా చెబుతాను.

అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టాడు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల థర్మల్ కేంద్రంలో తిరిగేది ఆ సూత్రమే. ఏడో తరగతికి అంత ఎందుకంటారు కొందరు. సైకిల్ డైనమో తిప్పి బల్బు వెలిగించిన పిల్లలకు అది ఎక్కువ కాదు.