ఫ్రోబెల్ బహుమతులు: విమర్శనాత్మక పరిశీలన
శిశువిద్యకు ఆటను పునాదిగా చేసిన విద్యావేత్త ఫ్రోబెల్ (1782–1852). జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో 1837లో ఆయన ప్రారంభించిన సంస్థకు 1840లో 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. ఆయన రూపొందించిన ఆటవస్తువులే 'బహుమతులు'. మొదటిది ఆరు రంగుల ఉన్ని బంతులు; మూడవది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే చెక్క ఘనం.

ఈ మూడవ బహుమతిలోనే పద్ధతి బలం, లోపం రెండూ కనిపిస్తాయి. ఘనాన్ని విడదీసి, మళ్ళీ పేర్చే శిశువు భాగానికీ మొత్తానికీ గల సంబంధాన్ని చేతులతోనే గ్రహిస్తాడు. అవే ఘనాలు కుర్చీ, మెట్లు, ఇల్లు అవుతాయి. అయితే బహుమతులకు నిర్ణీత క్రమం ఉంది. ప్రతి నిర్మాణంలోనూ అన్ని ఘనాలనూ వాడాలనే నియమం ఉంది. దీన్ని యథాతథంగా పాటించిన తరగతుల్లో పిల్లలందరూ ఒకేసారి ఒకే ఆకారం పేర్చవలసి వచ్చింది. ఆటవస్తువు మిగిలింది, ఆట పోయింది. ఈ లోపం అనుచరులది మాత్రమే కాదు, పద్ధతిలోనూ ఉంది.

మన అంగన్‌వాడీలకూ ఇది వర్తిస్తుంది. ఖాళీ అగ్గిపెట్టెలతో రైలు చేస్తున్న పిల్లను ఆపి "ఇల్లు కట్టు" అంటే, అది ఆట కాదు, పాఠమే. కాబట్టి ఏ కృత్యాన్ని పరిశీలించినా ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: తరువాత ఏం చేయాలో నిర్ణయిస్తున్నది ఎవరు?