మల్యాల మీద గీసిన గీతలు: జిల్లా ఉప విభాగాలపై విమర్శనాత్మక పరిశీలన

ఫ్రాన్స్‌లో ఒక్కో డిపార్ట్‌మెంటును అరొండిస్మాన్‌లుగా, కాంటన్‌లుగా, కమ్యూన్‌లుగా విభజించిన తీరును గత భాగంలో చదివారు. ఇప్పుడు అదే విషయాన్ని మన జిల్లాల్లో చూద్దాం. ముక్కలు చిన్నవైన కొద్దీ పాలన ప్రజలకు దగ్గరవుతుందన్న వాదన మీకు తెలిసిందే. అందులో సగమే నిజం. మిగతా సగాన్ని పరీక్షించడానికి జగిత్యాల జిల్లాలోని మల్యాల మండలం చాలు. కొండగట్టు అంజన్న గుడి ఉన్న మండలమే కాబట్టి మీలో చాలామంది అక్కడికి వెళ్లే ఉంటారు.

ముందు నిజమైన సగం. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. మల్యాల రైతుకు కలెక్టరేటు కరీంనగర్ నుంచి జగిత్యాలకు వచ్చింది, బస్సు ప్రయాణం బాగా తగ్గింది. ఇది చిన్న మేలు కాదు. ఆ ఏడాది ఆగస్టు ముసాయిదాలో సిరిసిల్ల జిల్లా లేదు. అక్కడి ప్రజలు ఆందోళన చేసి సాధించుకున్నారు.

అయితే ఒక గీత మారినప్పుడు మిగతా గీతలు దానితో పాటు కదలలేదు. మల్యాల ఓటరు చొప్పదండి శాసనసభ నియోజకవర్గంలో ఉన్నాడు. ఆ నియోజకవర్గంలోని చొప్పదండి, గంగాధర, రామడుగు కరీంనగర్ జిల్లావి. మల్యాల, కొడిమ్యాల జగిత్యాలవి. బోయినపల్లి సిరిసిల్లది. అంటే ఒక ఎమ్మెల్యే, ముగ్గురు కలెక్టర్లు. లోక్‌సభకు మల్యాల కరీంనగర్ కింద, జిల్లా కేంద్రమైన జగిత్యాల నిజామాబాద్ కింద ఓటు వేస్తాయి. ఉద్యోగాల కోసం 2018లో ఏర్పాటు చేసిన జోన్లలో జగిత్యాల బాసర జోన్‌లో పడింది, పక్కనున్న కరీంనగర్, సిరిసిల్ల రాజన్న జోన్‌లో పడ్డాయి. జిల్లా పరిషత్తు సంగతి ఇంకా విచిత్రం. కలెక్టరు 2016లోనే జగిత్యాలకు వచ్చినా, 2019 ఎన్నికల దాకా మల్యాల జడ్పీటీసీ సభ్యుడు కరీంనగర్ జడ్పీలోనే కూర్చున్నాడు.

ఫ్రాన్స్‌లోనూ 2015 నుంచి కాంటన్ హద్దులు అరొండిస్మాన్ హద్దులను దాటవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ అక్కడ కాంటన్ ఇప్పుడు ప్రధానంగా ఓట్ల కోసం గీసిన గీత. మన దగ్గర నియోజకవర్గం అంతటితో ఆగదు. సమీక్షలు, పనుల మంజూరు, లబ్ధిదారుల ఎంపిక అన్నీ ఎమ్మెల్యే చుట్టూ తిరుగుతాయి. అందుకే ఇక్కడ హద్దులు కలవకపోతే నష్టపోయేది దరఖాస్తుదారుడే.

అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. కార్యాలయాన్ని దగ్గరికి తెచ్చిన ప్రభుత్వమే అధికారాన్ని పైకి తీసుకుపోయింది. జగిత్యాల జిల్లాలో జగిత్యాలతో పాటు మెట్‌పల్లి, కోరుట్లలోనూ రెవెన్యూ డివిజన్లు ఉన్నాయి. ఆర్డీఓ స్థానం ఫ్రాన్స్‌లోని సబ్‌ప్రిఫెక్టు స్థానం లాంటిదే. కానీ 2020 భూహక్కుల చట్టం తహశీల్దారు, ఆర్డీఓ నడిపే రెవెన్యూ కోర్టులను రద్దు చేసింది. ధరణి వచ్చాక రిజిస్ట్రేషను మండలంలోనే జరిగేది, ఆ సౌకర్యాన్ని కాదనలేం. కానీ పాసుపుస్తకంలో పేరో విస్తీర్ణమో తప్పుపడితే ఆ దరఖాస్తు చాలావరకు కలెక్టరు దగ్గరికే పోయేది. ఎదురుగా తహశీల్దారు కూర్చునే ఉండేవాడు, తప్పు ఆయనకూ కనిపిస్తూనే ఉండేది, దిద్దే అధికారం మాత్రం ఆయనకు ఉండేది కాదు. చిన్న జిల్లా వల్ల రైతుకు మిగిలింది కొంత బస్సు చార్జీ మాత్రమే.

2025లో భూభారతి చట్టం ఆర్డీఓకు అప్పీలు అధికారాన్ని తిరిగి ఇచ్చింది. ఇందుకోసం పటంలో ఒక్క గీతనూ జరపవలసిన అవసరం రాలేదన్నది గమనించండి.

తర్వాతి భాగానికి వెళ్లేముందు మీ మండల కార్యాలయానికి ఒకసారి వెళ్లిరండి. ఏ దరఖాస్తు అక్కడే తేలుతుందో, ఏది డివిజనుకు పోతుందో, ఏది జిల్లాకు పోతుందో అడిగి రాసుకోండి.